ఆయాసం లేదన్నాం

"మెల్లగ పో."

"మెల్లగనే పోతున్న గదనే. యాడాది సంది మెల్లగనే పోతున్న."

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. మెల్లగా పొమ్మన్నది నేను, తాండూరులో మా ఇంటి గడప దగ్గర, సద్ది గిన్నె చేతికిస్తూ. జవాబు చెప్పింది మా ఆయన ఏలియా, చెప్పులు తొడుక్కుంటూ, నా వైపు చూడకుండా. క్రిస్మస్‌కు ఇంకా మూడు వారాలున్నాయి. చలి పొద్దు. బండల యార్డుకు లారీ వచ్చిందని కబురు వస్తే పోయాడు. నేను చాట ముందేసుకుని కందులు చెరగడానికి కూర్చున్నాను. ఆ మాటలో ఏముందో ఆ పూట నా బుర్రకెక్కలేదు.

నా పేరు సుందరమ్మ. సంతకం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతాను, అంతకుమించి రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు కరుణ రాస్తోంది. ఆయనను మట్టి చేసిన రోజు బొంగురుపోయిన గొంతు ఇంకా సరికాలేదు. అందుకని కరుణ నడుమ నడుమ "ఏమన్నవ్ పెద్దమ్మా" అని అడుగుతుంది. మళ్లీ చెబుతాను. గుండె జబ్బు ఉందని తెలిసి కూడా ఏ బాధా లేదని తిరిగేవాళ్ల కోసం ఇది చెబుతున్నాను. మా కొడుకు ప్రభాకర్ కోసం కూడా. వాడికి ఇంతవరకు చెప్పని సంగతి ఒకటి నా దగ్గర ఉంది.

పోయిన ఏడు ఎండాకాలంలో మొదలైంది. చర్చి ఆవరణలో కళ్ల క్యాంపు పెట్టారు. ఆయన అద్దాల కోసం పోయాడు. అక్కడొక పడుచు డాక్టరు బీపీ చూసి, ఛాతీ మీద గొట్టం పెట్టి, అందరికీ విన్నట్టు వినకుండా చాలాసేపు విన్నాడు. మళ్లీ వీపు మీద పెట్టాడు. గుండెలో ఏదో చప్పుడు ఉందని, వికారాబాద్ పోయి స్కానింగ్ తీయించుకొమ్మని చీటీ రాశాడు.

"చప్పుడు లేకుంటే భయపడాలె గని, ఉంటే మంచిదే గద సారూ" అని మా ఆయన నవ్వాడు.

వికారాబాద్ ఆసుపత్రికి వారానికోసారి పట్నం నుంచి గుండె డాక్టరమ్మ వస్తుంది. పొద్దున రైలుకు పోయాం. స్కానింగ్ చేసి, ఆమె మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఓపికగా చెప్పింది. గుండెలో నుంచి నెత్తురు బయటికి పోయే చోట తలుపు లాంటిది ఉంటుందట. అది మెత్తగా తెరుచుకోవాలి. ఈయనకు సున్నం పేరుకుని గట్టిపడిపోయిందట.

"ఇరవై ఏండ్లు నాపరాయి మోసిన. లోపల గూడ రాయే పుట్టిందన్నట్టు" అన్నాడు ఆయన.

డాక్టరమ్మ కూడా నవ్వింది. నవ్వి మూడు సంగతులు అడిగింది. ఆయాసం వస్తుందా, ఛాతీ పట్టేస్తుందా, కళ్లు తిరుగుతాయా. మూడింటికీ లేదన్నాడు. ఏం పని చేస్తారని అడిగింది.

"బండలు మోస్త. నేను, ఖాజా జోడీ. లారీలకు ఎక్కిస్తం."

ఆమె ఆ మాట కాగితం మీద రాసుకుంది. బండలు మోసే మనిషికి ఆయాసం లేదంటే ఎవరైనా నమ్ముతారు. అప్పుడు చెప్పింది: "బాధ లేని మనిషికి ఆపరేషన్ ఎప్పుడు చేయాలన్నదే కష్టమైన లెక్క. తొందరపడితే బాగా తిరిగే మనిషిని కోసినట్టవుతుంది. ఆలస్యం చేస్తే గుండె అలిసిపోతుంది. ఒక్కోసారి ఏమీ చెప్పకుండానే ఆగిపోతుంది. ఇప్పటికి చూద్దాం. ఆరు నెలలకు మళ్లీ రండి. నడుమ ఏ చిన్న తేడా వచ్చినా ఆగకుండా రండి." తర్వాత నా వైపు తిరిగింది. "ఆ తేడా కనిపెట్టాల్సింది మీరమ్మా."

నేను తలూపాను.

వానలు పడ్డాక మా పెద్దబావ ఇంటికి పోయాం. పెద్దబావ అంటే మా ఆయన అన్న సమూయేలు. ధారూర్ దగ్గర మా ఊళ్లోనే ఉంటాడు, సేద్యం చేస్తాడు. ప్రభాకర్ కూడా పర్గి నుంచి వచ్చాడు. వాడికి అక్కడ మోటారు వైండింగు దుకాణం ఉంది. అన్నాల దగ్గర మాట మొదలైంది.

"నాయినా, ఆపరేషన్ చేయించుకుంటే అయిపోతది. సర్కారు కార్డు మీద పైసలు లేకుంటనే అయితదంట, నేను అడిగొచ్చిన" అన్నాడు ప్రభాకర్.

"ఏమైందని కోయించుకుంటడ్రా? మనిషి గుండు లెక్కున్నడు" అన్నాడు బావ. "తిరిగే మోటరును ఎన్నడన్న ఇప్పి చూస్తవా నువ్వు?"

"చప్పుడొస్తే ఇప్పుత పెదనాయినా. కాలినంక ఇప్పితే ఏముంటది? బూడిదుంటది."

"పెద్ద చెప్పొచ్చినవ్. డాక్టరమ్మనే చూద్దామన్నది. నువ్వు ఆమెకంటే పెద్ద డాక్టరువా?"

మా ఆయన ఇద్దరి నడుమ కూర్చుని కూర కలుపుకుంటున్నాడు. "ముందుగాల నన్ను బువ్వ తిననియ్యుండ్రి. తర్వాత కోసుకుంటరో కుట్టుకుంటరో మీ ఇష్టం."

అందరూ నవ్వారు, ప్రభాకర్ తప్ప. వాడు సగం అన్నంలో చెయ్యి కడుక్కుని బండి తీసుకుని పోయాడు. తర్వాత చాలా రోజులు తండ్రికి ఫోన్ చేయలేదు. నాకు చేసి, "నాయిన ఎట్లున్నడు" అని అడిగి పెట్టేసేవాడు. ఆ రోజు నేను ఎటూ మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే నా మనసుకు బావ మాటే ఇంపుగా ఉంది.

ఇంట్లో ఎలా ఉండేవాడో చెబుతాను. ఇదే ముఖ్యం. సైకిలు గోడకు ఆనించి వదిలేశాడు, చైను ఊడుతోందన్నాడు. గిర్ని నుంచి జొన్నపిండి మూట తెచ్చేవాడు, దాన్ని పక్కింటివాళ్ల బండి మీద తెప్పించాను. బిందె ఎత్తబోతే నేనే లాక్కునేదాన్ని. డాక్టరమ్మ చెప్పింది కదా, జాగ్రత్తగా చూసుకుంటున్నానని మురిసేదాన్ని. ఆయన చేయలేక మానేశాడో, నేను చేయనివ్వక మానేశాడో, మా ఇద్దరికీ తెలియకుండా పోయింది. ఇంట్లో ఏ పనీ లేని మనిషికి ఇంట్లో ఆయాసం ఎక్కడి నుంచి వస్తుంది?

యార్డు పని ఒక్కటి మాత్రం మానలేదు కదా అనుకునేదాన్ని. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆరు నెలలకు మళ్లీ వికారాబాద్ పోయాం. ధారూర్ క్రైస్తవుల జాతర ఇంకో వారం ఉందనగా. రైలు దిగి స్టేషన్ వంతెన మెట్లు ఎక్కుతున్నాం. సగంలో ఆయన ఆగి కమ్మీ పట్టుకున్నాడు.

"ఏయ్, గా గూడ్సు చూడు. ఎన్ని డబ్బలున్నయో లెక్కవెట్టు."

కింద గూడ్సు బండి కదులుతోంది. నేను లెక్కపెట్టాను. ముప్పై దాటాక తప్పిపోయాను.

"మల్ల మొదలువెట్టు" అన్నాడు.

"సగం పోయినంక ఏం మొదలువెడ్త?"

"ఉన్నయే లెక్కవెట్టు మరి."

మళ్లీ లెక్కపెట్టాను. బండి మొత్తం పోయింది. అప్పుడు ఆయన వైపు చూస్తే నుదుటి మీద చెమట. ఒంటి మీద చలికి స్వెటరు, నుదుటి మీద చెమట. "పోదాం పా" అని మిగతా మెట్లు ఎక్కాడు. నేను చూశాను. చూడలేదని ఎవరితోనూ అనను.

ఆసుపత్రిలో మా నంబరు రావడానికి చాలాసేపు పట్టింది. మా పక్కన బెంచీ మీద సేడం వైపు నుంచి వచ్చిన ముసలి జంట ఉన్నారు. కన్నడంవాళ్లు, తెలుగు కొంచెం వచ్చు. ఆమె గుడ్డ విప్పి జొన్నరొట్టె, పల్లీల పొడి తీసి, మాకు పెట్టకుండా తాను తినలేదు. పొద్దున్నుంచి మేము ఏమీ తినలేదు. మా ఆయన ఒక రొట్టె తిన్నాడు. అది ప్రేమతో పెట్టిన రొట్టె. దానిని నేను ఏమీ అనను.

మా ఆయనదీ వాళ్లాయనదీ ఒకటే జబ్బు. ఆ ముసలాయనకు ఆపరేషన్ అయి రెండేళ్లయిందట, చూపించుకోవడానికి వచ్చాడు. మాకు ధైర్యం చెబుదామని చొక్కా గుండీలు విప్పాడు.

"నోడవ్వా, ఏనూ ఇల్ల. ఏం లేదు. మంచిగున్న. నన్ను బైదరు డాక్టరు."

"ముందుగాలనే ఎందుకు రాలేదని తిట్టిర్రంట" అని ఆయన భార్య తెలుగులో చెప్పింది.

ఆ మాట నా చెవిన పడింది గానీ లోపలికి పోలేదు. నా కళ్లు గాటు మీదే ఉన్నాయి. గొంతు కింద నుంచి కడుపు దాకా, బొంత కుట్టినట్టు. ఆ మనిషి నవ్వుతూ నిలబడ్డాడు, నాకు నవ్వు కనబడలేదు. అంతలో మమ్మల్ని లోపలికి పిలిచారు.

డాక్టరమ్మ మళ్లీ స్కానింగ్ చేసింది. తలుపు ఇంకా బిగిసిందని చెప్పింది. "ఇక ఆపరేషన్ వైపే ఆలోచించాలనిపిస్తోంది. పోయినసారికి ఇప్పటికి ఏమైనా తేడా ఉందా? అదే పని చేస్తున్నారా?"

"అదే పని డాక్టరమ్మా. ఏం తేడా లేదు."

ఆమె నన్ను చూసింది. "మీరు చెప్పండమ్మా. నడిచేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు ఎక్కడైనా ఆగుతున్నారా?"

మాట నా నోట్లోనే ఉంది. ఈ పొద్దు వంతెన మీద ఆగాడు అని. మా ఆయన నన్ను చూశాడు. కోపంగా కాదు, చిన్నపిల్లలు సూది మందుకు ముందు తల్లిని చూస్తారే, అలా. నా కళ్ల ముందు ఆ కుట్లు.

"ఏం లేదమ్మా. మంచిగనే ఉంటడు" అన్నాను.

ఆమెకు నమ్మకం కుదిరినట్టు లేదు. నడిచే మిషను మీద దగ్గరుండి నడిపించి చూస్తే ఆయాసం ఉందో లేదో తేలిపోతుందని, ఇప్పుడే చూద్దామని లేచింది. ఏమైనా తిన్నారా అని అడిగింది. ఇప్పుడే రొట్టె తిన్నానని ఆయన చెప్పాడు. అయితే ఈ రోజు వద్దు, వచ్చే వారం ఖాళీ కడుపుతో రమ్మంది. తప్పకుండా రమ్మని రెండుసార్లు చెప్పింది.

బయటికి వచ్చాక ఆయనకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. "ఎంత నడిచినా ఉన్న కాడనే ఉంటమంట గా మిషను మీద. గదైతే నేను పెండ్లయిన కాడికెల్లి చేస్తున్న" అని నన్ను నవ్వించాడు. నవ్వాను కూడా.

వచ్చే వారం అంటే జాతర వారం. "జాతర అయినంక పోదాం తియ్యి" అన్నది ఎవరో కాదు, నేనే.

జాతరకు ప్రతి ఏడూ మైదానంలో గుడారం వేసుకుని ఉంటాం. గుంజలు పాతడం ఆయన పని. గడ్డపార ఆయన చేతిలో ఉంటే ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. ఈసారి బావ కొడుకులు పాతారు. ఆయన తాడు కొస పట్టుకుని కూర్చున్నాడు.

"ఏందిరా, దొర లెక్క కూసున్నవ్?" అన్నాడు బావ.

"పోరగాండ్లకు పని నేర్పుతున్ననే అన్నా. నీకు నేర్పరాలే గద."

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. బావ కూడా. మూడు రోజులు పాటలు, ప్రార్థనలు. ఆయన గొంతెత్తి పాడలేదు, పెదవులు కదిపాడు. నేను దేవుడిని ఒకటే అడిగాను, ఆ కోత మాకు రాకుండా చూడమని. దేవుడు విన్నాడనే చెప్పాలి.

జాతర అయ్యాక ఒక వారం లారీలున్నాయని పోలేదు. ఇంకో వారం ఆయన గుర్తు చేయలేదు, నేనూ చేయలేదు. ఆ తర్వాత ఇక ఆ పొద్దు వచ్చింది.

పదకొండు కాకముందే యార్డు నుంచి మనుషులు వచ్చారు. నేను పోయేసరికి తాండూరు ఆసుపత్రిలో బల్ల మీద పడుకోబెట్టారు. చెప్పులు లేవు కాళ్లకు. ఎవరో ఆడమనిషి, పేరు కూడా తెలియదు, తన కొంగుతో ఆయన మొహం మీది బండల దుమ్ము తుడిచింది. ఆమెకు దేవుడు మేలు చేయాలి. బండ కింద పెట్టి, అలాగే ఒరిగిపోయాడట. బండ పగలలేదని ఎవరో చెప్పారు. ముందు దాన్ని జాగ్రత్తగా దింపాడట.

సమాధి దగ్గర ప్రభాకర్ వాళ్ల పెదనాన్న చొక్కా పట్టుకున్నాడు. "నువ్వే ఆపినవ్. నువ్వు అడ్డం రాకుంటే మా నాయిన బతుకుతుండె." బావ చేతులు వదిలేసి నిలబడ్డాడు. ఏడ్చాడు. నేను అక్కడే, నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరవలేదు. డాక్టరమ్మ ముందు ఒకసారి, సమాధి దగ్గర ఒకసారి. అప్పటి నుంచి పెదనాన్నా కొడుకూ మాట్లాడుకోవడం లేదు. బావ ఈస్టర్‌కు కూడా మా ఇంటికి రాలేదు.

మూడో రోజు ఖాజా వచ్చాడు. ఖాజా యార్డులో లేని రోజు అది జరిగింది. కూతురి పెండ్లి నిశ్చయానికి బషీరాబాద్ పోయాడు. లోపలికి రమ్మంటే రాలేదు, అరుగు మీదే కూర్చున్నాడు.

"వదినా, కసమ్, నేనే తప్పు చేసిన."

"నువ్వు ఊళ్లనే లేవు గదా ఖాజన్నా."

"గదే. నేనున్న దినాలల్ల చేసిన తప్పు అది."

వాళ్ల పని ఎలా ఉంటుందో చెప్పాడు. లారీకి వాలుగా చెక్క వేస్తారు. పెద్ద బండను ఇద్దరు పట్టుకుని చెక్క మీద ఎక్కుతారు. ముందు నడిచేవాడి కంటే వెనక, కింద ఉన్నవాడి మీద బరువు ఎక్కువ పడుతుంది. అందుకని వంతు ఉంటుంది. ఒక లారీకి ఒకరు కిందుంటే, ఇంకో లారీకి రెండోవాడు. ఇరవై ఏళ్లు అలా చేశారు. ఆఖరి యాడాది మాత్రం ఖాజా వంతు మార్చనివ్వలేదు.

"ఒకనాడు చెక్క మీద ఆయన కాళ్లు ఒణికినయి వదినా. నన్ను చూసి నవ్విండు. అప్పటిసంది నేనే కింద పట్టిన. అడుగు గూడ మెల్లగ ఏసేటోన్ని, ఆయనకు ఎరుక కావొద్దని. మేస్త్రీకి తెలిస్తే జోడీ తెంపుతడని ఎవ్వరికి చెప్పలే. ఆ దినం నా బదులు కొత్త మనిషి వచ్చిండంట. పడుచోడు. ముందుకురికి పై కొస పట్టిండంట. తన వంతేనని కింద పట్టిండంట నీ మొగడు. నాకు కాలు నొప్పి అనో, కడుపు నొప్పి అనో చెప్పకుండ పట్టిండు."

నేను ఖాజాతో అన్నాను, "నువ్వొక్కనివే కాదు ఖాజన్నా." మిగతాది ఆయనకూ చెప్పలేదు.

అప్పుడు అర్థమైంది గడప దగ్గర మా ఆయన అన్న మాట. యాడాదిగా మెల్లగానే పోతున్నాడు. ఆయనకు తెలుసు. నాకు చెప్పే పోయాడు. అదే మాట వికారాబాద్‌లో ఆ కుర్చీలో అని ఉంటే.

ఎండలు ముదిరాక కరుణను తోడు తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయాను. వంతెన మీద ఆయన ఆగిన చోట నేనూ ఆగాను. కరుణ చెయ్యి పట్టుకుంది. నంబరు తీసుకోలేదు, మందుల కోసం రాలేదు కదా. ఆమె ఆఖరి మనిషిని చూసి బయటికి వచ్చి, బెంచీ మీద నా పక్కన కూర్చుంది. ఖాజా సంగతి, బిందె సంగతి చెప్పాను. వంతెన సంగతి చెప్పాను.

"ఆపరేషన్ చేసినా బతికేవాడని నేను ఒట్టు పెట్టి చెప్పలేను అమ్మా" అంది ఆమె. "కానీ ఈ మాట ఆ రోజు తెలిస్తే ఇంటికి పంపేదాన్ని కాదు. నేను ఆయాసం ఉందా అని అడిగాను. ఏ ఏ పనులు మానేశారు అని అడగలేదు. ఇప్పుడు అందరినీ అదే అడుగుతాను."

మీ తప్పు లేదు అని ఆమె అనలేదు. అననందుకు ఆమె మీద నాకు గౌరవం.

ఇది వింటున్నవాళ్లకు నేను చెప్పేది ఇంతే. మీ ఇంట్లో మనిషికి గుండె తలుపు పాడైందని, బాధ లేదు కాబట్టి చూద్దామని డాక్టరు అంటే, చూడండి, తప్పు లేదు. కానీ నిజంగా చూడండి. పోయిన ఏడు చేసిన ఏ పని ఈ ఏడు చేయడం లేదో చూడండి. ఎవరు ఆయన బరువు మోస్తున్నారో చూడండి. మెట్ల మీద ఆగి రైలు చూపిస్తే, రైలును చూడకండి, మనిషిని చూడండి. డాక్టరు అడిగితే ఆయన ముందే చెప్పండి. ఇంటికొచ్చాక కోప్పడితే కోప్పడనివ్వండి. కోప్పడే మనిషి ఇంట్లో ఉంటాడు.

ఇక ప్రభాకర్ మాట. కరుణా, ఇది జాగ్రత్తగా రాయి. ప్రభాకర్, మీ పెదనాయిన తప్పు లేదు. ఆయనకు తెలియక అన్నాడు. నాకు తెలిసి చెప్పలేదు. మీ నాయిన వంతెన మీద ఆగాడు, చెమట పట్టింది, నేను చూశాను, డాక్టరమ్మ అడిగితే ఏం లేదన్నాను. కోతకు భయపడి అన్నాను. నువ్వు పట్టుకోవాల్సిన కొంగు నాది, ఆయన చొక్కా కాదు. పోయి ఆయనను పలకరించు. నన్ను పలకరిస్తావో లేదో నీ ఇష్టం.

రాసినవా కరుణా? ఏడువకు బిడ్డా, కాగితం తడుస్తది. ఇగ మల్లొక్కపారి నాకు సదివి వినిపియ్యి. మొత్తం వద్దులే. డాక్టరమ్మ అడిగిన కాడికెల్లి, నేను ఏం లేదన్న కాడిదాంక సదువు. జర గట్టిగ సదువు. ప్రభాకర్ వినకముందే నేను వినాలె.